ఉప్పు చూడని పుల్లలు

మార్చి 24

వదినగారికి నమస్కారం.

మీరూ అన్నయ్యగారూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. ఇక్కడ దేవుడి దయవల్ల అందరం బాగున్నాం. ఫోన్ చేయవచ్చు కదా అని మీరంటారు. ఫోన్‌లో మీ మాటలు వినడం నాకు ఇష్టమే. కానీ నేను చెప్పాలనుకున్నది ఫోన్ పెట్టేశాకే గుర్తొస్తుంది. అందుకని రాస్తున్నాను.

మీ అబ్బాయి, మా అమ్మాయి పెట్టబోయే పుస్తకాల బైండింగ్ షాపుకి గది కుదిరింది. మేడ మీద గది. కింద అంతా కాగితం గోడౌను. కాగితం కోసే మిషను, అట్టలు బిగించి నొక్కే ప్రెస్సు పైకి చేర్చేసరికి మోసినవాళ్ళు మెట్ల మీదే కూలబడ్డారు. గోడల సున్నం వాసన ఇంకా పోలేదు. కిటికీలోంచి వెలుతురు మాత్రం ధారాళంగా వస్తుంది, కుట్టుపనికి అదే కావాలి. గది ఓనరు ఒక్కటే షరతు పెట్టాడు. ఆ మేడలో నిప్పు అనేది కనపడకూడదు. స్టవ్వు వద్దు, హీటరు వద్దు, జేబులో అగ్గిపెట్టె పెట్టుకుని కూడా మెట్లెక్కకూడదట.

ఏప్రిల్ 20, ఆదివారం సాయంత్రం ప్రారంభం. వచ్చినవాళ్ళ చేతిలో ఏదో ఒకటి పెట్టాలి కదా. హోటలు నుంచి తెప్పిద్దామంటే అమ్మాయి ఒప్పుకోలేదు. ఇటలీవాళ్ళు పొయ్యి వెలిగించకుండా పుల్లలకి గుచ్చి పెట్టే చిరుతిళ్ళు ఏదో పత్రికలో చూసింది. చిన్న టమాటా, చీజ్ ఉండ, ఒక ఆకు, ఆలివ్ కాయ. "నువ్వు గుచ్చమ్మా, ఎలాగో అత్తయ్య చెప్తారు" అంటోంది. కిందటేడు మీరు నిప్పు లేని వంటల క్లాసుకి వెళ్ళారు కదా. వీలు చూసుకుని రాయండి.

ఇంకో మాట. తలుపు మనిద్దరం కలిసి తెరవాలని పిల్లల కోరిక. అలా అయితేనే షాపు తెరుస్తానని మీ అబ్బాయి అంటున్నాడు. వాళ్ళంతట వాళ్ళు పెళ్ళి చేసుకున్నాక మనం కలిసింది ఒక్కసారే, మీ ఇంట్లో. రెండు ఇళ్ళవాళ్ళం ఒకచోట నిండుగా నిలబడటం వాళ్ళు ఇంకా చూడలేదు. పైకి అనరు గానీ, అమ్మాయికి ఆ దిగులు ఉంది.

అన్నయ్యగారికి నా నమస్కారాలు చెప్పండి.

మీ వదిన


మార్చి 29

వదినగారూ,

పోస్టాఫీసులో కూర్చుని ఉద్యోగమంతా ఊళ్ళోవాళ్ళ ఉత్తరాలు వేరుచేశాను. నా పేరున వచ్చినవి కరెంటు బిల్లులే. అలాంటిది మీ కవరు వచ్చింది. మావారు కళ్ళజోడు వెతుక్కునేలోపే లాక్కుని చదివేశాను.

క్లాసు నాలుగు రోజులదే అయినా సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించాను. మావారు దాన్ని ఫ్రిజ్ పక్కన తగిలించి, "ఇక మనింట్లో గ్యాసుకి సెలవు" అన్నారు. ఆ మాటకి ఆయనకి రెండు పూటలు టమాటాలే పెట్టాను.

ఇక వినండి. టమాటాలు గోలీలంత ఉండాలి, గట్టివి. కడిగాక శుభ్రంగా తుడవండి, తడి ఉంటే పుల్ల మీద బొంగరాల్లా తిరుగుతాయి. చీజ్ ఉండలు నీళ్ళలో తేలుతూ డబ్బాలో వస్తాయి. వడకట్టి మెత్తటి పాత గుడ్డ మీద ఆరబెట్టండి. ఆ ఆకుని బేసిల్ అంటారు. వాసన చూస్తే తులసికి దగ్గర చుట్టం అనిపిస్తుంది గానీ తులసి కాదు, కంగారుపడకండి. చాకు తగిలితే నల్లబడుతుంది, చేత్తో మడవాలి. చివర ఆలివ్. నూనె, మిరియాల పొడి చేతికిచ్చే ముందే. ఉప్పు ముందుగా చల్లారో, టమాటా ఏడ్చి పళ్ళెం నిండా నీళ్ళు చేస్తుంది. కొన్ని పుల్లలకి ఖర్బూజా ముక్క, చీజ్ గుచ్చినా బాగుంటుంది, పిల్లలు ఇష్టపడతారు.

అన్నిటికన్నా ముఖ్యం ఉప్పు చూడటం. చీజ్ చప్పన, ఆలివ్ ఉప్పన. రెండూ కలిసి ఒక నోట్లో పడితేనే సంగతి తేలుతుంది. పొయ్యి మీది వంటకి వాసన చెప్తుంది, రంగు చెప్తుంది. దీనికి చెప్పేది నాలిక ఒక్కటే. తినకుండా గుచ్చినవాళ్ళని మా మాస్టారు వరండాలో నిలబెట్టేవాడు. నన్నూ నిలబెట్టాడు, అది సర్టిఫికెట్ మీద రాయలేదు.

ముందుగా ఒక డబ్బా చేసి అబ్బాయి వచ్చేటప్పుడు పంపండి. మార్కులు వేస్తాను. అసలు రోజుకి చీజ్ మాత్రం నేనే తెస్తాను. మా వీధి చివర పాలదుకాణంలో దొరికేలాంటిది మీకు అక్కడ దొరకదు.

తలుపు తెరుద్దాం. తోయడం నాకు వదిలేయండి.

మీ వదిన


ఏప్రిల్ 4

వదినగారికి నమస్కారం.

మీరు చెప్పినట్టే చేశాను. గుచ్చడం నాకు కొత్త కాదు, పెళ్ళికి ముందునుంచీ దర్జీ షాపుకి బొత్తాలూ కాజాలూ కుడుతూనే ఉన్నాను. మొదట టమాటాని కాడ వైపునుంచి గుచ్చితే రసం కారి చీజ్‌కి అంటింది. పక్కనుంచి గుచ్చితే కారలేదు. ఆకుని బట్ట అంచు మడిచినట్టు రెండు మడతలు వేసి టమాటాకీ చీజ్‌కీ మధ్య పెట్టాను. అలా పెడితే వాడిపోకుండా ఉంది. అన్నీ వరసగా పడుకోబెడితే కొత్త చొక్కా బొత్తాల్లా ముచ్చటగా ఉన్నాయి.

ఆలివ్ కాయలు ఇక్కడ సీసాలో దొరికాయి. అమ్మాయి ఒకటి నాలిక చివర పెట్టుకుని, "బాబోయ్, ఉప్పు" అని తీసేసింది. వచ్చేవాళ్ళలో పెద్దవాళ్ళు ఉంటారు, అంత ఉప్పు మంచిది కాదని మంచినీళ్ళు మార్చి మార్చి బాగా నానబెట్టాను. నేను రుచి చూడలేదు. నొక్కి చూస్తే గట్టిగా, తాజాగానే ఉన్నాయి. పుల్ల నడిమధ్యనుంచి దిగలేదు, ఒక పక్కగానే దిగింది. ఆ కాయ తీరే అంత కాబోలనుకున్నాను.

షాపు తెరవకముందే ఒక పని వచ్చింది. వీధి మలుపులో ఉండే టీచరమ్మ తన నిఘంటువు తెచ్చి ఇచ్చింది. అట్ట ఊడి, ఏ అక్షరం పేజీలు ఆ అక్షరంగా విడిపోయి ఉన్నాయి. మీ అబ్బాయి దాన్ని పసిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. అమ్మాయి వేళ్ళ నిండా జిగురు. అన్నం కలిపేటప్పుడు కూడా వేళ్ళు అంటుకుపోతున్నాయని నవ్వుతోంది. ఆ నవ్వు చూసి చాలా రోజులైంది.

డబ్బా అల్లుడితో పంపుతున్నాను. తప్పులుంటే మొహమాటపడకుండా రాయండి.

మీ వదిన


ఏప్రిల్ 8

వదినగారూ,

డబ్బా అందింది. మూత తీయగానే మా ఇంట్లో అందరూ చుట్టూ చేరారు, అంత అందంగా ఉన్నాయి. మావారు చేయి చాపితే ఆ చేతి మీద ఒక్కటి వేశాను. మార్కులు వేయాల్సింది నేను కదా, ముందు నేనే తినాలన్నాను. ఆ తొందర ఊరికే పోలేదు.

ఆలివ్ కొరికాను. లోపల గింజ. కుడివైపు పన్ను మీది తొడుగు ఊడి అరచేతిలోకి వచ్చింది. మావారు దాన్ని వెలుతురులో పెట్టి చూసి, "చెల్లెమ్మగారు ఇందులో ముత్యాలు కూడా గుచ్చారా" అన్నారు. ఇప్పుడు ఎడమవైపు జావ తాగుతున్నాను.

గింజ తీసిన ఆలివ్‌లు వేరే సీసాలో వస్తాయి. నేను రాయలేదు, నా పొరపాటే. కానీ వదినగారూ, ఒక్కటి మీరు నోట్లో వేసుకుని ఉంటే అక్కడే తెలిసిపోయేది. నానబెట్టడంతో వాటి ఉప్పూ పోయింది, పులుపూ పోయింది, తడిదూది నమిలినట్టుంది. చూపుకి పదికి పది ఇస్తున్నాను. రుచి గురించి నోరు తెరవను, ప్రస్తుతం తెరవలేను కూడా.

మీరు "నేను రుచి చూడలేదు" అని రాసినచోట మాత్రం ఆగిపోయాను. ఎందుకు చూడలేదు? మాకు పంపేది మీ నోటికి పనికిరాదా? సరదాకే అడుగుతున్నాను. పూర్తిగా సరదాకి కాదు.

మీ వదిన


ఏప్రిల్ 12

వదినగారికి నమస్కారం.

మీ పన్ను సంగతి చదివినప్పటినుంచీ నా మనసు మనసులో లేదు. మీ పన్ను తొందరగా బాగవ్వాలని మూడు పూటలా దేవుణ్ణి వేడుకుంటున్నాను. నన్ను క్షమించండి. గింజ తీసినవి కొన్నాను. ఈసారి నానబెట్టను, కడిగి తుడుస్తాను, అంతే.

రుచి సంగతి అడిగారు. అది నా అలవాటు. నలుగురికి పెట్టేది నేను ముందు ముట్టను. అంతకన్నా వేరే ఏమీ లేదు.

ఇలాంటి నొప్పితో మీరు చీజ్ డబ్బాలు మోసుకుంటూ బస్సెక్కడం నాకు బాధగా ఉంది. చీజ్ మేం ఇక్కడే ఎక్కడైనా కొంటాం. పుల్లలన్నీ నేనే గుచ్చేస్తాను. మీరు ఏ పనీ పెట్టుకోవద్దు, వచ్చి కుర్చీలో కూర్చుంటే చాలు. ప్రయాణం కష్టమనిపిస్తే అదీ వద్దు, పిల్లలకి నేను నచ్చజెప్తాను.

ఆరోగ్యం జాగ్రత్త.

మీ వదిన


ఏప్రిల్ 15

వదినగారికి,

నా పన్ను కోసం దేవుణ్ణి శ్రమపెట్టకండి. డాక్టరు ఉన్నాడు, అతికించాడు.

చీజ్ తేవద్దన్నారు. పనిలో చేయి పెట్టొద్దన్నారు. రాకపోయినా పిల్లలకి నచ్చజెప్తానన్నారు. నాకు అర్థమైంది.

ఇన్నాళ్ళూ లోపల పెట్టుకున్న మాట ఒకటుంది, రాసేస్తాను. ఆ రోజు మీరు మా ఇంటికి వస్తున్నారని పొద్దుటినుంచీ పొయ్యి దగ్గర నిలబడి వండాను. మా కోడలి తల్లి మొదటిసారి వస్తోంది, ఏ లోటూ ఉండకూడదని. మీరు పళ్ళెం ముందు తలవంచుకుని కూర్చున్నారు. ముద్ద ముట్టలేదు. చివరికి "పొట్లం కట్టిస్తారా" అన్నారు. కట్టించాను. ఆ పొట్లం బస్టాండులో ఎవరికో పెట్టేశారట. మీతో వచ్చిన మా అబ్బాయి చూశాడు. వాడు నాకు చెప్పలేదు, కోడలికి చెప్పాడు. కోడలు మురిసిపోతూ నాకు చెప్పింది, "మా అమ్మ అంతే అత్తయ్యా, చేతిలో ఏదుంటే అది ఇచ్చేస్తుంది" అని. నేనూ నవ్వాను. లోపలికి వెళ్ళి గిన్నెలు తోముకున్నాను.

మేం పెట్టింది మీరు తినరు. మాకు పంపేదీ నోట్లో పెట్టుకోరు. మీకూ మాకూ మధ్య గీత ఎక్కడ గీశారో తెలియక ఇన్నాళ్ళూ జోకులు వేస్తూ వచ్చాను.

ఆదివారం మావారు వస్తారు. తలుపుకి ఆయన చేయి వేస్తారు. నేను రాను.

అబ్బాయి తల్లి


ఏప్రిల్ 17

వదినగారికి,

ఈ ఉత్తరం పోస్టులో వేస్తే ఆదివారం లోపు చేరదని అల్లుడి చేతికిచ్చి పంపుతున్నాను. చదివేదాకా అక్కడే నిలబడమని చెప్పాను. మీరు రారని తెలిశాక అతను ప్రెస్సుకి గుడ్డ కప్పేశాడు. అమ్మాయి జిగురు గిన్నె కడిగి బోర్లించింది. పంచాల్సిన పిలుపు కార్డులు బల్ల మీద అలాగే ఉన్నాయి. అది ఏడిస్తే నాకు భయం లేదు, ఇలా ఉంటేనే భయం.

నాకు మాటలు నోటికి రావు, కాగితం మీదికీ సగమే వస్తాయి. ఈసారి మొత్తం రాస్తాను.

తినేముందు నేను ప్రార్థన చేసుకుంటాను. చాలామంది చేసుకుంటారు. నాకు మాత్రం మనసులో అనుకుంటే చెప్పినట్టు ఉండదు. పైకి చెప్పాలి, ఒక్కొక్కరినీ తలుచుకోవాలి. వండినవాళ్ళని, ఇంట్లోవాళ్ళని, ఆ పూట తిండి లేనివాళ్ళని. అది అయ్యేదాకా మెతుకు నోట్లో పెట్టను. నలుగురి కోసం చేసినదైతే వాళ్ళ మధ్య ప్రార్థన చేశాకే నేను ముట్టేది. అందుకే గుచ్చేటప్పుడు ఉప్పు చూడలేదు. అమ్మాయి నాన్న ఉన్నన్నాళ్ళు, "నీ దేవుడికి మన బంధువులందరూ గుర్తున్నారులే, కూర చల్లారిపోతోంది" అని నవ్వేవారు. నవ్వుతూనే చేతులు కట్టుకుని కూర్చునేవారు. ఆయన పోయాక నా గొంతు నేనే వింటున్నాను.

మీ ఇంట్లో ఆ రోజు ఎంత సందడిగా ఉంది. అన్నయ్యగారు ఏదో కథ చెప్తున్నారు, మీ మరిదిగారు అడ్డం వస్తున్నారు, మీరు వడ్డిస్తూనే ఇద్దరికీ జవాబులిస్తున్నారు. కొత్త చుట్టాన్ని, నేను అందరినీ ఆపి కళ్ళు మూసుకుని పైకి ప్రార్థన చెప్పాలంటే సిగ్గేసింది. చెప్పకుండా తినడానికి చేయి రాలేదు. తలవంచుకున్నది ధైర్యం తెచ్చుకుందామని. రాలేదు. అందుకే పొట్లం అడిగాను.

బస్టాండులో ఇచ్చింది సగం. బెంచీ మీద ఒక పెద్దావిడ ఖాళీ టిఫిన్ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పొట్లం వాసనకి తలతిప్పి చూసింది. పనికిరానిదైతే ఇవ్వను కదా వదినగారూ. మిగతా సగం ఇంటికి తెచ్చి, బల్ల ముందు కూర్చుని, మిమ్మల్ని, అన్నయ్యగారిని, మీ మరిదిగారిని కూడా తలుచుకుని తిన్నాను. చల్లారిపోయింది. కాగితానికి అంటుకున్నది కూడా వదలలేదు.

చీజ్ తేవద్దన్నది మీకు బరువవుతుందని. రావద్దన్నట్టు రాసింది మీకు పన్ను నొప్పని. గీత నేను గీయలేదు. ఉంటే చెరిపే మాట నాకు తెలియలేదు.

మీరు రండి. నేనొక్కదాన్నే గుచ్చితే ఈసారి ఎవరి పన్ను ఊడుతుందో తెలియదు. తిని చెప్పేవాళ్ళు ఒకరు కావాలి. అమ్మాయిని ఉప్పు చూడమంటే నాలిక చివరే పెడుతుంది.

మీ వదిన


ఏప్రిల్ 23

వదినగారూ,

ఇల్లు చేరాను, మోకాళ్ళు ఇంకా ఆ మెట్ల మీదే ఉన్నాయి. రానని రాసి, ఆదివారం పొద్దున్నే చెప్పకుండా వచ్చి దిగినందుకు మీరు నన్ను ఒక్క మాటా అనలేదు. మీకు తిట్టడం వచ్చుంటే బాగుండేది, నాకు తేలికయ్యేది. "చీజ్ బరువు కాదా వదినగారూ" అని డబ్బాలు అందుకున్నారు, అంతే.

కింద గోడౌను వెనక గదిలో మనిద్దరం కాగితం కట్టల మీద కూర్చోవడం నాకు బాగా నచ్చింది. "మీరు గుచ్చండి, నేను తింటాను. దేవుడి సంగతి మీరు చూసుకోండి, ఉప్పు సంగతి నేను చూసుకుంటాను" అన్నాను. ఈ పద్ధతి మా మాస్టారికి తెలిసుంటే నన్ను వరండాలో నిలబెట్టేవాడు కాదు. కాకపోతే ఉప్పు మరీ ఎక్కువసార్లు చూశానట. "పరీక్ష పెట్టేవాళ్ళే పేపరంతా తినేస్తున్నారు" అని మావారు గుమ్మంలో నిలబడి అందరికీ చెప్పారు. ఆయన్ని కుర్చీలు తుడవడానికి పంపించాను.

తలుపు గడియ మీరు తీశారు, నేను తోశాను. అబ్బాయి మన వెనకనుంచి లోపలికి వచ్చి, మనల్ని చూడలేక అటు తిరిగి ప్రెస్సు చక్రం తుడుస్తూ నిలబడ్డాడు. చక్రం మీద దుమ్మేమీ లేదు. కోడలు మాత్రం మనిద్దరి మధ్యలోంచి దూరి ముందు తనే లోపలికి వెళ్ళింది, అది చూశారా.

ఇప్పుడు నేను రాయాలనుకున్నది. పళ్ళేలు బల్ల మీద పెట్టగానే జనం చేతులు చాపారు. టీచరమ్మ అప్పటికే ఒక పుల్ల తీసుకుంది. మీరు గోడకి ఆనుకుని తలవంచుకున్నారు. ఆ తలవంచడం నేను మా ఇంట్లో ఒకసారి చూశాను, చూసి తప్పుగా చదివాను. అందుకే పోస్టాఫీసు గొంతు తీశాను, "అందరూ కాస్త ఆగండి, మా వదినగారు ఒక మాట చెప్పాలి" అని. మీరు నా వైపు చూసిన చూపుకి, పారిపోతారేమోనని మెట్లకి అడ్డంగా నిలబడ్డాను.

మీరు చెప్పారు. నేను కాస్త ఆగమన్నాను గానీ అది కాస్తలో అయ్యేది కాదని నాకేం తెలుసు. మిషను మోసినవాళ్ళు, కింద గోడౌనులో పనిచేసేవాళ్ళు, ఆ నిఘంటువులో మాటలు కూర్చినవాళ్ళు, మా ఇంట్లోవాళ్ళు వరసగా, చివరికి నా పన్ను. పన్ను మాట రాగానే టీచరమ్మ నా నోటివైపు చూసింది. వెనకున్నవాళ్ళకి సగం వినపడలేదని తర్వాత అన్నారు. అయినా ఎవరూ కదల్లేదు. మావారు పుల్లని కొవ్వొత్తిలా నిటారుగా పట్టుకుని, మీరు ముగించేదాకా చేయి దించలేదు.

తర్వాత మీరు నా పక్కన నిలబడి ఒకటి తిన్నారు. మీరు తినడం నేను చూడటం అదే మొదటిసారి. ఎలా ఉందని అడుగుదామనుకున్నాను. మీ నోరు నిండి ఉంది, ఇంకోదానికి చేయి వెళ్తోంది. అడగలేదు.

వచ్చే నెల మొదటి ఆదివారం మీరు మా ఇంటికి రావాలి. పుల్లలూ లేవు, పొట్లాలూ లేవు. పొయ్యి వెలిగించి వండుతాను, చల్లారితే చల్లారనివ్వండి. మా మరిది కూడా వస్తాడు. మా ఇంట్లో భోజనాల దగ్గర అందరూ ఒకేసారి మాట్లాడతారు, ఒకరు చెప్పేది ఇంకొకరు వినరు. అందులో మీ వంతు మీరు తీసుకోండి. పైకే చెప్పండి.

మీ వదిన